ప్లాట్‌ఫారం మీద నిలబడిన మనిషి

మా స్టేషన్లో రైళ్ళ రాకపోకలు చదివి వినిపించే అమ్మాయిని అందరూ మైకమ్మ అనేవారు. మైకు ముందు కూర్చుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్ళు అనుకునేవారు. అది సగమే నిజం. మిగతా సగం ఆ పిల్లకు పుట్టుకతో వచ్చిన మైకం. టీ గ్లాసు చేతికిస్తే చల్లారేదాకా అలాగే పట్టుకుని కూర్చునేది. మాట్లాడుతూ మాట్లాడుతూ కిటికీలోంచి దూరంగా పట్టాలు కలిసినట్టుండే చోటు వైపు చూపు పోయిందంటే, ఇక మనం గోడతో మాట్లాడుకోవాల్సిందే.

ఆమె గదికీ నా గదికీ మధ్య ఒక అద్దం ఉండేది. ఇవతల నేను, ప్రయాణికులు అడిగినవాటికి జవాబు చెప్పే కిటికీ దగ్గర. కిటికీ పైన 'విచారణ' అని రాసి ఉండేది కానీ చివరి అక్షరం ఎప్పుడో ఊడిపోయి 'విచార' మిగిలింది. నా మొహం చూశాక అందులో తప్పుందని ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. కళ్ళెదుట నిలబడి ఉన్న రైలును చూపించి "రైలు వచ్చిందా అమ్మా?" అని అడిగే జనంతో ఇరవై ఏళ్ళుగా వేగుతున్నదాన్ని. నా నోరు మంచిదని నేనెప్పుడూ చెప్పుకోలేదు.

ఆ ఏడాది పైనుంచి కబురొచ్చింది. వేసవి దాటేలోపు మెషీన్ పెడతారట. ఒకసారి రికార్డు చేసిన గొంతే ఇక అన్ని రైళ్ళనూ పిలుస్తుందట. మైకమ్మది కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి మెషీన్ వచ్చిన రోజుతో సరి. తరువాత ఏం చేస్తావే అని అడిగితే తడుముకోకుండా చెప్పింది.

"బిజినెస్ స్కూల్లో చదువుతానక్కా. ఏ రైలు ఎప్పుడు బయల్దేరాలో నా చేతికి కాగితం వస్తుంది కదా. ఆ కాగితం రాసే గదిలో కూర్చోవాలని ఉంది."

దానికి ప్రవేశ పరీక్ష ఉంది. పోయినేడు ఒకసారి రాసి తప్పింది. ఈసారీ సీటు రాకపోతే వాళ్ళన్నయ్య స్నేహితుడి చెప్పుల దుకాణంలో కూర్చోవాలి. అన్నయ్య మాట కూడా ఇచ్చేశాడు. చెప్పులమ్మడం తక్కువ పనని నేననను. కానీ ఎవరైనా ఏడో నంబరు అడిగితే ఈ పిల్ల ఏడో నంబరు గురించి ఆలోచిస్తూ కూర్చుంటుంది, వచ్చినవాడు ఉత్త కాళ్ళతో వెళ్ళిపోతాడు.

ఆ పరీక్షలో క్వాంట్ అని ఒక భాగం, అంటే లెక్కలు. చిత్రమేమిటంటే ఆమెకు లెక్కలు రాక కాదు తప్పింది. ఏ లెక్కైనా చేసేది. కాకపోతే లెక్కలోకి వెళ్ళి బయటికి వచ్చేది కాదు. వాళ్ళ వదిన పట్టుదల గల మనిషి. వంటింట్లో స్టవ్ పక్కనే పీట వేసి కూర్చోబెట్టి, కుక్కర్ రెండు కూతలు కూసేలోపు ఒక లెక్క అయిపోవాలని షరతు పెట్టింది. "ఆలస్యం అమృతం విషం అన్నారమ్మా" అని గరిటె పట్టుకుని కాపలా కాసేది. ఫలితంగా ఇంట్లో అన్నం రోజూ మెత్తగా అయిపోయేది, లెక్క మటుకు సగంలోనే ఉండేది.

మధ్యాహ్నం బండి వెళ్ళాక మా స్టేషన్ ఖాళీ అవుతుంది. నీళ్ళ కుళాయి చుక్కలు తప్ప చప్పుడుండదు. ఆ వేళ ఆమె పుస్తకం తీసి అద్దం పక్కనున్న చిన్న కంతలోంచి నాకు వినిపించేది.

"అక్కా, ఎ ఒక్కడే అయితే పన్నెండు రోజుల్లో పని చేస్తాడు. బి పద్దెనిమిది రోజుల్లో. ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు. నాలుగు రోజులయ్యాక ఎ వెళ్ళిపోయాడు. మిగతా పని బి ఎన్ని రోజుల్లో చేస్తాడు?"

"ఎన్ని రోజుల్లో?"

"ఎనిమిది. కానీ ఎ ఎందుకు వెళ్ళిపోయాడక్కా? రాయలేదు."

"వాడెందుకు పోతే నీకెందుకే? నీకేమన్నా మేనబావా?"

"బి ఒక్కడే ఎనిమిది రోజులు... పాపం."

ఆ పిల్ల మొహం చూసి ఉండబట్టలేక, "వాళ్ళావిడకి నొప్పులొచ్చి కబురొచ్చుంటుంది, పరిగెత్తాడు" అన్నాను. ఆమె మొహం వెలిగింది. "అయితే బి ఏమీ అనుకోడులే" అని సంతోషంగా తరువాతి లెక్కకు వెళ్ళింది. మందలించాల్సిన నేను ఎగదోశాను. అంతటితో ఆగిందా! నా కిటికీ ముందు మనిషి నిలబడి అరుస్తుంటే, ఇంకో లెక్కలో ఏటికి ఎదురు తెడ్డు వేస్తున్న పడవవాడి భుజాలు నాకు కనిపించడం మొదలైంది. ఒక కుళాయి నింపుతుంటే ఇంకొకటి ఖాళీ చేస్తున్న తొట్టి దగ్గరికి వెళ్ళి ఆ రెండోదాన్ని కట్టేయాలని చేతులు దురద పెట్టేవి. అంటువ్యాధి అంటే అదే మరి.

ఆమెను అందరికంటే ఎక్కువ పట్టుకున్నది మటుకు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్న మనిషి. ఆ లెక్కల పుస్తకాల్లో ప్రతి నాలుగో రైలూ అతన్ని దాటిపోతూనే ఉంటుంది. అతను రైలెక్కడు, ఎవరినీ దించుకోడు, ఊరికే నిలబడతాడు. పోయినేడు పరీక్షలో అతని దగ్గరే ఆగిపోయానని ఆమె నాతో ఒప్పుకుంది.

ఒకరోజు మబ్బు పట్టి, వేళ కాని వేళ సాయంత్రంలా ఉంది. పట్టాల మీద సన్నటి పొగమంచు. పై బల్బులన్నీ వెలిగించారు. బల్ల మీద లెక్కల పుస్తకం, దాని పక్కనే రైళ్ళ కాగితం. మైకు మీట నొక్కి ఆమె మామూలు గొంతుతోనే చదివింది.

"దయచేసి వినండి. రెండువందల నలభై మీటర్ల పొడవు గల రైలు, గంటకు యాభైనాలుగు కిలోమీటర్ల వేగముతో, రెండవ నంబరు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్న మనిషిని మరికొద్ది సేపట్లో దాటిపోవును."

స్టేషన్ మొత్తం ఒక్క క్షణం చెవులు రిక్కించింది. రెండో ప్లాట్‌ఫారం చివర ఆవులిస్తున్న ఒక పెద్దమనిషి గబగబా బెంచీ వెనక్కి వెళ్ళాడు. నా కిటికీ దగ్గరికి ఒక పెద్దావిడ పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, మా ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. చెవుడు. కాస్త పక్కకి రమ్మని మైకులో చెప్పించండి!"

స్టేషన్ మాస్టరు ఇద్దరినీ పిలిపించారు. నన్నెందుకంటే, ఉరిమి ఉరిమి మంగళం మీద పడ్డట్టు, పక్క గదిలో ఉన్నందుకు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టుంది ఆయన బాధ. పక్క స్టేషన్ మాస్టరు ఫోన్ చేసి మరీ నవ్వాడట. నా భయం మటుకు వేరే. దరఖాస్తుతో పంపాల్సిన అనుభవం సర్టిఫికెట్ ఆయన బల్ల మీద సంతకం లేకుండా పడి ఉంది. అది లేకపోతే పరీక్ష లేదు, ఇక చెప్పుల దుకాణమే.

"ఎవరమ్మా ఆ మనిషి?" అని ఆయన గర్జించారు.

"అదే సార్, నాకూ తెలియడం లేదు" అంది మైకమ్మ. వెటకారం లేదు, నిజంగానే అంది. నేను కళ్ళు మూసుకున్నాను.

ఎంతసేపటికీ అరుపు వినిపించకపోతే కళ్ళు తెరిచాను. ఆయన కిటికీలోంచి మంచులో ఉన్న ప్లాట్‌ఫారాన్ని చూస్తున్నారు.

"దాటడానికి ఎంతసేపు పడుతుంది?"

"పదహారు సెకన్లు సార్."

"పదహారా..." అన్నారాయన మెల్లగా. "నిలబడినవాడికి అది చాలాసేపే."

తరువాత ఉలిక్కిపడ్డట్టు కుర్చీలో సర్దుకుని, ఒక చేత్తో మెమో రాశారు, అదే పెన్నుతో సర్టిఫికెట్ మీద సంతకం పెట్టారు. రెండింటి మీదా ముద్ర వేసి ఒకేసారి చేతిలో పెట్టి పొమ్మన్నారు.

మెషీన్ కోసం మైకమ్మ గొంతే రికార్డు చెయ్యడానికి చెవులకు డిప్పలు తగిలించుకున్న టెక్నీషియన్ ఒకడు వచ్చాడు. సున్నా నుంచి తొంభై తొమ్మిది దాకా అంకెలన్నీ విడివిడిగా చదవాలి. మెషీన్ వాటిని అతికించుకుంటుందట. తన ఉద్యోగాన్ని తినేదానికి తనే ముద్దలు కలిపి పెడుతున్నట్టు ఆ పిల్ల ఒక్కొక్క అంకే చదువుతుంటే నాకు కడుపు రగిలిపోయింది. పదిహేను అయ్యాక తలెత్తి అద్దంలోంచి నన్ను చూసింది. "పదహారు" అంది.

"మేడమ్, ఇది మళ్ళీ చెప్పాలి. నవ్వినట్టుంది" అన్నాడతను.

నేను తలుపు తోసుకుని వెళ్ళాను. "ఏం నాయనా, నవ్వితే రైలు పట్టాలు తప్పుతుందా? ఉండనీ."

నా మొహం చూసి అతను ఉండనిచ్చాడు.

పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం ఆమె పుస్తకం మూసి దిగులుగా కూర్చుంది. "లెక్క వస్తుందక్కా. ఆయన్ని అలా వదిలేసి వెళ్ళడమే నావల్ల కావడం లేదు. ఒంటరిగా ఉంటాడు."

నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్లంటే నాకు ప్రాణం. ఆ మాట చెప్పడం చేతకాక తిట్టాను. "ఎవరా మనిషి, ఎవరా మనిషి అని ఏడాదిగా నా ప్రాణం తీస్తున్నావు. నేనే! ఇరవై ఏళ్ళుగా ఈ ప్లాట్‌ఫారం మీద ఉన్నది ఇంకెవరు? ఎక్కడానికి రాలేదు, దించుకోడానికీ రాలేదు. నా పనే ఇక్కడ ఉండటం. నాకే దిగులూ లేదు. రేపు నన్ను చూసి ఆగావో, చెంప పగలగొడతా. దాటి వెళ్ళిపో."

ఆమె నన్ను అంతసేపు, అంత సరిగ్గా చూడటం అదే మొదటిసారి.

పరీక్ష రాసి తిన్నగా స్టేషన్‌కే వచ్చింది. కిటికీ ముందు వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక తల వంచి చెప్పింది.

"వచ్చాడక్కా ఆ మనిషి. చెయ్యి ఊపి వెళ్ళిపోయాను."

సీటు వచ్చింది. వదిన సంతోషంతో కుక్కర్ కూతలు లెక్కపెట్టడం మానేసింది, ఆ వారం అన్నం మాడింది. మైకమ్మ వెళ్ళిన వారానికే మెషీన్ వచ్చింది. గొంతు ఆమెదే. తప్పు చదవదు, పరధ్యానంలో పడదు. అద్దం అవతల కుర్చీ ఖాళీ. ఎ వెళ్ళిపోయాక బి ఎన్ని రోజులు పని చేశాడో పుస్తకంలో ఉంటుంది, ఎలా ఉన్నాడో ఉండదు. చెప్పనా? బాగుండలేదు. కొన్నాళ్ళు నా నోరు ఇంకా చెడ్డదైంది.

కానీ మధ్యాహ్నం బండి నంబరు పదహారుతో ముగుస్తుంది. మిగతా అంకెలన్నీ బుద్ధిగా పలికి, అక్కడికి వచ్చేసరికి మెషీన్ నవ్వుతుంది. స్టేషన్లో ఇంకెవరికీ తెలియదు. ఆ వేళకు నేను కిటికీ వదిలి, ఎవరేమడిగినా పలక్కుండా, రెండో ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళి నిలబడతాను. బండి నన్ను దాటిపోయేదాకా.