చేతులు వాసన చూసే మేష్టారు

డుంబ్రిగుడకు ఆవల ఓ కొండబడి. సన్యాసయ్య మేష్టారి గ్రంథాలయమంటే రేకుపెట్టెలో పదహారు పుస్తకాలు. పిల్లల చేత కుంకుడురసంతో చేతులు కడిగించి, వేళ్లు ఒక్కొక్కటే వాసన చూశాకే పుస్తకం ఇచ్చేవారు. చింతపండు వాసన తగిలిందా, మళ్లీ వాగుకే! ఓనాడు తాఖీదొచ్చింది: ఇనస్పెక్టరు రేపొస్తున్నారు, చదవని పుస్తకాలను వేరే బడికి తరలిస్తారు. పెట్టె తెరిస్తే లోపలున్న పుస్తకాలన్నీ తోమిన చెంబుల్లా మెరుస్తున్నాయి. ఈ నిగనిగ చూస్తే పిల్లలు చదువుతున్నారని ఎవరు నమ్ముతారు? మేష్టారు రాగిపిండితో కాచిన చోడంబలిలో వేలు ముంచి పేజీకో మరక పెట్టసాగారు. మూడో పుస్తకం అరుగు మీద చదువుకుంటున్న గురుబారి అనే పిల్ల చేతిలో ఉంది. ఆ వేలు చూడగానే ఆ గుంట పుస్తకాన్ని వీపు వెనక దాచేసింది. “ఏటి మేస్టారూ, ఆ సేత్తోనా? బేగి కడుక్కు రండి!” మేష్టారు వాగుకెళ్లి కడుక్కొచ్చారు. గురుబారి ఆయన వేళ్లు ఒక్కొక్కటే వాసన చూసి, “ఇంకోపాలి” అంది.