గుమ్మాలు మారిన పటాల కొట్టు

బెజవాడ వన్‌టౌన్‌లో, మెయిన్ రోడ్డు మీద మా నాన్నగారికి పటాలు కట్టే కొట్టు ఉండేది. కొట్టు వెనక రెండు గదుల్లో మా కాపురం. మేడ మీద ఇంటి యజమానురాలు ఉండేవారు. నాకు ఆవిడ ఏ వరసా కాదు, అయినా వీధంతా పిలిచినట్టే నేనూ మామ్మగారనేదాన్ని. భర్త పోయి చాలా కాలమైంది. ఉన్న ఒక్క కూతుర్నీ ఉయ్యూరు అవతల చెరుకు తోటలున్న వాళ్ళకిచ్చారు.

మేం క్రైస్తవులం. ఆదివారం నాన్నగారు చర్చిలో సంఘపెద్ద. సోమవారం పొద్దున్నే వేంకటేశ్వరస్వామి చుట్టూ చెక్క బిగిస్తూ కనిపించేవారు. లక్ష్మీదేవి, కనకదుర్గమ్మ, యేసుప్రభువు, షష్టిపూర్తి దంపతులు, పోయిన తాతగార్లు అందరూ ఆయన బల్ల మీద పక్కపక్కనే పడుకుని వంతు కోసం చూస్తూ ఉండేవారు. ఒకసారి చర్చి అయ్యగారు వచ్చి ఆ బల్ల చూసి, "ఇదేమిటండీ మరి?" అన్నారు. నాన్నగారు తడుముకోలేదు. "నేనమ్మేది చెక్కా, అద్దమేనండి. మధ్యలో ఉన్నది ఎవరిది వాళ్ళు తెచ్చుకున్నదండి" అన్నారు. అయ్యగారు కాఫీ తాగి, తమ పెళ్ళి ఫొటో కట్టడానికిచ్చి వెళ్ళారు. ఒక్క విషయంలో మాత్రం నాన్నగారు మహా గట్టి. పోయినవాళ్ళ పటం తీసుకుపోతూ ఎవరైనా దండ కూడా మీరే వేసివ్వండి అంటే, పటం కట్టడం వరకే తన పని అనీ, దండ తన పని కాదనీ చెప్పేసేవారు.

ఆ బిల్డింగు చరిత్ర నాకు తెలిసింది మామ్మగారి నోటే. కాబట్టి అందులో సగమైనా నిజముంటుందని నా ఆశ. కట్టించింది ఆవిడ మామగారు, ధాన్యం వ్యాపారి. గానుగ సున్నంతో కట్టిన గోడలు, మూరెడు మందం. గోడకి ఒక మేకు దిగేసరికి నాన్నగారి చొక్కా తడిసిపోయేది. స్వాతంత్ర్యోద్యమం రోజుల్లో ఒక పెద్ద నాయకుడు ఆ అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడని మామ్మగారు చెప్పేవారు. నాయకుడి పేరు మాటిమాటికీ మారేది గానీ మజ్జిగ మారేది కాదు. పక్క కిరాణా కొట్టాయన మాత్రం, ఆ నాయకుడు కూర్చున్నది తమ అరుగు మీదేననీ, తాగింది కాఫీ అనీ ప్రమాణం చేసేవాడు. ఈ సంగతి మీదే వాళ్ళిద్దరికీ మాటలు లేవు. ఆ వీధిలో అరుగున్న ప్రతి ఇంటికీ ఇలాంటి నాయకుడొకడు ఉన్నాడని నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు.

నిజంగా నమ్మదగిన చరిత్ర గుమ్మాలది. దానికి గోడే సాక్ష్యం. ధాన్యం వ్యాపారి బస్తాలు దింపుకోవడానికి వీలుగా నడిమధ్యన గుమ్మం పెట్టించాడు. ఆయన పోయాక బట్టల వ్యాపారి అద్దెకి దిగి, దక్షిణ ముఖం కొట్టు కదా, గుమ్మం ఆగ్నేయం వైపు ఉంటేనే కలిసొస్తుందని మధ్యది మూయించి తూర్పు చివర ఇంకోటి తీయించాడు. తర్వాత వచ్చిన మందుల షాపాయన శాస్త్రం సంగతి వదిలెయ్యండి, జనం వచ్చేది మార్కెట్టు వైపు నుంచి అని పడమటి చివర ఇంకో గుమ్మం తీయించాడు. ఆ తర్వాత కాఫీ హోటలు వచ్చింది. పొయ్యి ఆగ్నేయంలోనే ఉండాలి కదా, అక్కడ గుమ్మం ఉంటే ఎలాగని హోటలాయన తూర్పు గుమ్మం మూయించాడు. పనిలో పనిగా పడమటిదీ మూయించి, మళ్ళీ మధ్యదే తెరిపించాడు. ఆగ్నేయం మంచిదనే ఒకాయన తెరిచాడు, ఆగ్నేయం మంచిదనే ఇంకొకాయన మూశాడు. ఇద్దరి వ్యాపారమూ నడవలేదు.

నాన్నగారు దిగేసరికి మధ్య గుమ్మమే మిగిలింది. గోడ మందం కాబట్టి, మూసిన గుమ్మాలకి అడ్డంగా పెట్టిన పల్చటి ఇటుకల ముందు అరుగు వైపు గూడులాంటి జాగా మిగిలిపోయింది. మేకుతో పని లేకుండా పటాలు పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి చోటెక్కడ దొరుకుతుందని నాన్నగారు సంబరపడ్డారు. తూర్పు గూట్లో నిలువెత్తు వేంకటేశ్వరస్వామిని పెట్టారు. పడమటి గూట్లో గొర్రెపిల్లనెత్తుకున్న యేసుప్రభువుని పెట్టారు. రెండూ అమ్మకానికే.

అక్కడే పొరపాటు జరిగింది. మన బెజవాడ జనానికి గూడు కనిపించి, అందులో స్వామి కనిపిస్తే, అది కొట్టా గుడా అని ఆగి ఆలోచించే అలవాటు లేదు. ముందు సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళు ఒక చెయ్యి వదిలి దణ్ణం పెట్టుకున్నారు. తర్వాత ఎవరో చెప్పులు విడిచారు. ఒక రోజు పొద్దున్న చూస్తే పటం కింద కుంకుమ ఉంది. ఆ కుంకుమ ఎవరు పెట్టారని నాన్నగారు అడగబోయే లోపలే మామ్మగారు మెట్లు దిగి వచ్చి, పూలమ్మి దగ్గర మూర కనకాంబరాలు కొని, స్వామికి ఇంత పెట్టి, మిగిలింది నా జడలో తురిమారు. ఆవిడ మాత్రం పెట్టుకోలేదు. భర్త పోయిన రోజు నుంచీ ఆవిడ తల్లో పువ్వు లేదు. వెళ్తూ వెళ్తూ పడమటి గూటి ముందు కూడా ఒక దణ్ణం పడేశారు. "ఆయన మాత్రం ఏమనుకుంటాడు పాపం" అన్నారు.

ఆ రోజు నుంచీ ఇది రోజూ నడిచింది. ఆ స్వామి పటం ఇక అమ్ముడుపోయే వస్తువు కాకుండా పోయింది. ఎవరైనా బేరం అడిగితే మామ్మగారు పైనుంచే, "అది ఇచ్చేది కాదు, వేరేది చూపించవయ్యా" అని కేకేసేవారు. తన సరుకు తనే అమ్ముకోలేని వ్యాపారస్థుడు వన్‌టౌన్ మొత్తంలో మా నాన్నగారొక్కరే అని మా అమ్మ వేళాకోళమాడేది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో మామ్మగారి అల్లుడుగారు ఒక ఆలోచనతో వచ్చారు. ఊళ్ళో ఎక్కడ చూసినా లాడ్జీలు లేస్తున్న కాలమది. ఈ పాతది పడగొట్టి మూడంతస్తుల లాడ్జి కట్టాలని ఆయన కోరిక. తెల్లటి పంచె, తెల్లటి చొక్కా, మాటమాటకీ అండీ. "మిమ్మల్ని పొమ్మంటానా అండీ. లాడ్జి కట్టుకుంటానంటున్నానండీ, అంతే" అన్నారు నాన్నగారితో. కావాలంటే భవానీపురంలో విశాలమైన జాగా చూపిస్తానన్నారు. "విశాలమేనండి. మనుషులే లేరండి అక్కడ" అన్నారు నాన్నగారు నవ్వుతూనే. ఆ రాత్రి మాత్రం అన్నం దగ్గర కూర్చుని కలుపుకుంటూ ఉండిపోయారు. మెయిన్ రోడ్డు మీద ఆ కొట్టు పోతే మాకు ఇల్లూ లేదు, తిండీ లేదు. ఆయనకి వేరే పని రాదు. నాకు కోపం వస్తే కడుపులో దాచుకునే గుణం లేదు. వెళ్ళి ఆ అల్లుడుగారిని నాలుగూ అడిగేస్తానన్నాను. అమ్మ నన్ను గదిలో కూర్చోబెట్టింది.

అల్లుడుగారు తెలివైనవారు. అత్తగారు వద్దన్నారు, ఆవిడ మాట కాదనలేరు కాబట్టి ఒక వాస్తు సిద్ధాంతిగారిని వెంటబెట్టుకొచ్చారు. బిల్డింగు పనికిరాదని ఆయన చేత చెప్పిస్తే అత్తగారు మెత్తబడతారని లెక్క. సిద్ధాంతిగారు దిక్సూచి పట్టుకుని అరుగంతా తిరిగి, గోడ మీద మూసిన గుమ్మాల ఆనవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. ఒక్క గోడకి ఇన్ని మార్పులు ఆయనా చూసి ఉండరు. చివరికి, "పడగొట్టక్కర్లేదండి. ఆ తూర్పు గుమ్మం తెరిస్తే అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. అల్లుడుగారి మొహం వాడిపోయింది. ఆయనకి కావలసింది గుమ్మం కాదు, గునపం. అయినా వదల్లేదు. "అయితే రేపే గునపం వేయిద్దామండీ" అన్నారు. ఎలాగోలా గోడకి ఒక దెబ్బంటూ తగిలితే మిగతాది తనే చూసుకుంటారన్నమాట.

మామ్మగారు మేడ మెట్ల మీద నిలబడి అంతా విన్నారు. "స్వామి ఉన్నచోట గునపం వేయిస్తావా, బాబూ?" అని అడిగారు, గొంతు పెంచకుండా. అల్లుడుగారు సిద్ధాంతిగారి వంక చూశారు. సిద్ధాంతిగారు స్వామి వంక చూసి, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకున్నారు. పటం అమ్మకానికి పెట్టిందని ఆయనకి ఎవరు చెబుతారు. నాన్నగారు అంత నిశ్శబ్దంగా అద్దం తుడవడం నేనెప్పుడూ చూడలేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక మామ్మగారు కొట్లోకి వచ్చి నాన్నగారి బల్ల ముందు నిలబడ్డారు. "ఏవయ్యా, దిగులు పెట్టుకోకు. నేనున్నంత కాలం ఈ కొట్టు ఎవడూ కదపడు" అన్నారు. నాన్నగారు తల ఊపారు. వాస్తు అంటే నవ్వే మనిషి మర్నాడు పొద్దున్నే తన బల్లని లాక్కెళ్ళి ఆగ్నేయం మూల వేసుకున్నారు. ఎందుకని అడిగితే, "అక్కడ వెలుతురు బాగుంది" అన్నారు. ఆ మూల వెలుతురు ఉండదు, అక్కడున్నది మూసిన గుమ్మం.

నేను డిగ్రీ ముగించిన ఏడు మామ్మగారు పోయారు. పొద్దున పూలమ్మి వచ్చి అరుగు మీద ఎదురు చూసింది, ఆవిడ దిగి రాలేదు. పెద్దకర్మకి కూతురు ఒక ఫొటో ఇచ్చి పెద్దది చేయించి పటం కట్టమంది. ఫొటో స్టూడియోలో నాన్నగారు రెండు కాపీలు తీయించారు. ఒకటి ఉయ్యూరు వెళ్ళింది. రెండోది తూర్పు గూట్లో, స్వామి పక్కన పెట్టారు. నేను ఆయన్ని మెచ్చుకోలుగానే ఆటపట్టించాను, అల్లుడుగారి మీద గట్టి ఎత్తే వేశారు నాన్నా అని. "అక్కడ వెలుతురు బాగుంటుంది" అన్నారు మళ్ళీ, నా వైపు చూడకుండా.

కర్మలయ్యాక అల్లుడుగారు మేస్త్రీని వెంటబెట్టుకుని కొలతలకి వచ్చారు. ఈసారి అడ్డు చెప్పేవారెవరూ లేరు. నాన్నగారు బల్ల దగ్గర కూర్చునే ఉన్నారు గానీ, చేతిలో సుత్తి కదల్లేదు. అప్పుడే స్కూలు పిల్లని నడిపించుకుపోతున్న ఒకావిడ గూటి ముందు ఆగింది. "దణ్ణం పెట్టుకోవే, పక్కన మామ్మగారికి కూడా పెట్టు" అంది. పిల్ల ఇద్దరికీ పెట్టింది. అల్లుడుగారు అత్తగారి వంక చూస్తూ నిలబడిపోయారు. కాసేపటికి చెప్పులు విడిచారు.

"ఎక్కణ్ణించి మొదలెట్టమంటారండీ?" అన్నాడు మేస్త్రీ.

"పై ఏడు చూద్దాంలే" అన్నారు అల్లుడుగారు. ఆయన మీద నాకున్న కోపమంతా అక్కడే కరిగిపోయింది. ఆ పై ఏడు మా నాన్నగారి కాలంలో రానే లేదు.

మామ్మగారు పోయిన ఏడు వానాకాలంలో ఒక రోజు తెల్లారేసరికి రోడ్డంతా నీళ్ళు. పూలమ్మి రాలేదు. కొట్టు తలుపు చెక్కలు తీసి ఉన్నాయి గానీ లోపల నాన్నగారు లేరు. బయటికి వచ్చి చూస్తే, తడిసి ముద్దై అరుగు మీద ఉన్నారు. చేతిలో మూర కనకాంబరాలు. ఆ వానలో ఎక్కడ దొరికాయో, ఎంత దూరం నడిచారో నేనడగలేదు. పటం కట్టడం వరకే తన పనన్న మనిషి, మునివేళ్ళ మీద లేచి, ఆ పూలు మామ్మగారి పటానికి జాగ్రత్తగా వేశారు. దండ వేసినట్టు కాదు. ఆవిడ పూలు మానేసిన తల్లో, నుదుటికి కాస్త పైగా సర్దారు.

వెనక్కి తిరిగి నన్ను చూశారు. "పటం బోసిగా ఉంటే వచ్చేవాళ్ళేమనుకుంటారు" అన్నారు. నేను తువ్వాలు తెచ్చిచ్చాను. తల తుడుచుకోవడం మర్చిపోయి, దాంతో ఆవిడ అద్దం మీద పడిన వాన చినుకులు తుడిచారు.