గానుగ నూనె తాగిన మోటారు సైకిలు

మా రాజాం చుట్టుపక్కల పల్లెల్లో మోటారు సైకిలు చప్పుడు వినబడితే ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు వదిలేసి వీధిలోకి పరుగెత్తుకొచ్చే కాలం అది. వచ్చినవాడు రోడ్ల ఇంజనీరో, సారా పట్టుకునే ఇన్‌స్పెక్టరో అయి ఉండాలి. మూడో రకం మనిషి దాని మీద కూర్చోగలడని ఎవరికీ తోచేది కాదు. ఆ మూడో రకం మనిషి నేనే కావాలని అరవైల చివర్లో ఒక ఎండాకాలం నిశ్చయించుకున్నాను. పి.యు.సి. పాసయ్యాను. ఇంగ్లీషు పేపరు చదివితే సగం అర్థమయ్యేది, మిగతా సగం ఊహించుకునేవాణ్ణి. అలాంటివాడికి రానిదంటూ ఏముంటుంది? (ఇప్పటికీ నా అభిప్రాయం అదే. ఇంట్లో మిక్సీ చెడిపోతే మా ఆవిడ నాకు తెలియకుండా బాగుచేయిస్తుంది. అది వేరే సంగతి.)

ఊరికే సరదా కోసం కాదు లెండి. రాజాంలో ఒక ఎరువుల షావుకారు ఉండేవాడు. పొట్టి వరి విత్తనాలూ, బస్తా ఎరువులూ అప్పుడప్పుడే మా వైపు దిగుతున్నాయి. రైతులేమో పశువుల పేడ గత్తం ఉండగా ఈ ఉప్పెందుకని దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఊరూరా తిరిగి నచ్చజెప్పడానికి కుర్రాడు కావాలని షావుకారు వెతుకుతుంటే నేను వెళ్ళి నిలబడ్డాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "సదువుకున్నోడివి, మాటకారివి, బాగానే ఉంది. కానీ నువ్వు నడిసి తిరిగితే ఊళ్ళన్నీ అయ్యేలోగా కోతలొచ్చేస్తాయి. సొంత మోటారు సైకిలుంటే రా. నన్నెక్కించుకుని ఓ ఊరెల్లి, పదిమందిని పోగేసి, నా సరుకు కొంటామని వాళ్ళ నోట అనిపించు. అప్పుడు ఉద్యోగం మాట" అన్నాడు. ఇంతకు ముందు ఆయనే స్వయంగా మీటింగు పెడితే ఒక ముసలాయన, రెండు మేకలు వచ్చాయట.

మా నాన్నకి ఎడ్లంటే ప్రాణం. నా గోల పడలేక, పెంచుకుంటున్న కోడెల జతని సంతకి తోలుకుపోయి అమ్మేశాడు. అమ్మి వచ్చిన రోజు అన్నం తినలేదు. మర్నాడు నన్ను పిలిచి, "ఒరే, నీ మాట నమ్మి కోడెల్ని ఒగ్గీసేను. ఈ ఉజ్జోగం రానేదనుకో, ఆటి బదులు కాడి కింద నీ మెడ పెడతాను. ఇనబడ్డాదేటి?" అన్నాడు. బాగానే వినబడింది. మా నాన్న అన్నమాట చేసే మనిషి కావడం వల్ల నాకు ఆ రోజు నుంచీ మెడ దగ్గర కాస్త దురదగా ఉండేది.

బండి ఆచూకీ చెప్పినవాడు మా రైల్వే బావ. అంటే మా అక్క మొగుడు, కొత్తవలసలో రైల్వే కూలీల మేస్త్రీ. అక్కణ్ణుంచి కొండల్లోకి కిరండోలు లైను వేసిన కంట్రాక్టరొకడు, పనులు తెమిలాక సామానంతా ఒక రేకుల షెడ్డులో పడేసి ఉంచాడు. అందులో కోడిగుడ్డు లాంటి ఇంజను, రెండు సైలెన్సర్లు ఉన్న మోటారు సైకిలొకటి ఉంది. కొండదారుల్లో, ఎర్రబురదలో తిరిగి తిరిగి దాని అసలు రంగేమిటో కూడా తెలియకుండా పోయింది. మేం ముగ్గురం వెళ్ళి చూశాం. మా నాన్న ఎద్దును చూసినట్టే దాని చుట్టూ ప్రదక్షిణం చేసి, ఎక్కడైనా చెడ్డ సుడి ఉందేమోనని ట్యాంకు మీద బురద గోకి చూశాడు. తర్వాత గొంతుక్కూచుని, "ఏదీ, పళ్ళు సూపించు" అన్నాడు. బావ ఏమాత్రం తడబడకుండా వెనక చైను చక్రం చూపించాడు. దాని పళ్ళన్నీ అరిగి ముక్కలై ఉన్నాయి. "ముసిల్దిరా ఇది! కొత్తదని సెప్పేవేటి అల్లుడా?" అని మా నాన్న బావ మీద విరుచుకుపడ్డాడు.

బేరం కూడా సంత పద్ధతిలోనే జరిగింది. ఎడ్ల సంతలో ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పుకుని, చుట్టూ ఉన్నవాళ్ళకి తెలియకుండా లోపల వేళ్ళు పట్టుకుని ధర తెలుపుకుంటారు. కంట్రాక్టరు మేనేజరు ఎక్కణ్ణుంచో వచ్చినవాడు, ఈ పద్ధతి ఎరగడు. మా నాన్న గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుని తువ్వాలు కప్పేసరికి ఠారెత్తిపోయాడు. ముందు మర్యాదకి నవ్వాడు. మా నాన్న వేళ్ళు మార్చి మార్చి నొక్కుతుంటే చెయ్యి లాక్కోబోయాడు. మా నాన్న వదిలితేనా! ఆఖరికి, "సరే, సరే, వదలండి పెద్దాయనా, సరేనన్నానుగా!" అని మొత్తుకున్నాడు. మా నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "సరేనన్నాడు. మీరిద్దరూ సాచ్చికం. బేరం కుదిరిపోనాది" అన్నాడు. ఆ 'సరే' ఎంతకో మేనేజరుకి తర్వాత తెలిసింది. షెడ్డు ఖాళీ అయితే చాలనుకున్నాడో, మళ్ళీ చెయ్యి ఇవ్వాల్సి వస్తుందని భయపడ్డాడో, ఒప్పేసుకున్నాడు.

బండిని రైల్లో చీపురుపల్లి దాకా, అక్కణ్ణుంచి నాటుబండి మీద ఇంటికి చేర్చి పశువుల సాలలో పెట్టాం. బావ సెలవు పెట్టి వచ్చేశాడు. "రైలింజను లోపలికి దూరి సూసినోడిని. దీనిదేటి, అగ్గిపెట్టె!" అన్నాడు. (దూరింది తుడవడానికని అక్క తర్వాత చెప్పింది.) నేను మాత్రం తక్కువ తిన్నానా, "పి.యు.సి.లో ఫిజిక్సు చదివాను, నువ్వు స్పానరు పట్టుకో, చెప్పేది నేను" అన్నాను. ఇద్దరం కలిసి ఆ ఇంజనును విప్పిన తీరు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పొంగుతుంది. మా అమ్మ బియ్యం చెరిగే చేటలన్నీ పట్టుకొచ్చి, ఊడదీసిన నట్లు ఒక దాంట్లో, బోల్టులు ఒక దాంట్లో, పేరు తెలియనివన్నీ ఇంకో దాంట్లో పోశాం. ఆ మూడోదే త్వరగా నిండింది. ఇత్తడి గంగాళంలో కిరసనాయిలు పోసి భాగాలన్నీ కడిగాం. అమ్మ లబోదిబోమంది. "ఒరే, రేపు దాంట్లో వండిన అన్నం మీ ఇద్దరికే పెడతాను" అంది. పిస్టను అరిగిపోతే విశాఖపట్నం వెళ్ళి కొత్తది తెచ్చాను. ఇంజను అతుకుల మధ్య పెట్టే అట్ట దొరక్కపోతే అక్క పెళ్ళి శుభలేఖలు మిగిలినవి కత్తిరించి పెట్టాం. "మా పెళ్ళి ఇన్నాళ్ళకి పనికొచ్చింది" అన్నాడు బావ, అక్క అటు పక్కన లేదని చూసుకుని.

తొలిసారి తన్ని స్టార్టు చేసిన రోజు మా గేదె పలుపు తెంపుకుని పారిపోయింది. మిగతా ఊరు మాత్రం వచ్చింది. ఇంజను పగిలిపోతుందేమోనన్నట్టు మోగుతుంటే నేనూ బావా ఒకర్నొకరం కావలించుకున్నాం. బావ గుంపు వైపు తిరిగి ఉపన్యాసం మొదలెట్టాడు: "ఈ రకం ఇంజనుంది సూసేరా, దీనికి నూనె వేరే పొయ్యక్కర్నేదు. పెట్రోల్లోనే కలిపి పట్టీడమే. తిండీ నూనే ఒకేసారి!" అందరూ తలలూపారు. గుమ్మం దగ్గర నిలబడ్డ మా అమ్మ కూడా ఊపింది. ఆమె ఏమర్థం చేసుకుందో ఆ క్షణంలో మాకెవరికీ తెలియలేదు.

మా ఇళ్ళల్లో దమ్ము పనులప్పుడు అలిసిన ఎడ్లకి వెదురు గొట్టంతో నువ్వుల నూనె పడతారు. ఆ పని మా అమ్మే చేసేది, ఎద్దుకి దెబ్బ తగలకుండా, చుక్క కింద పడకుండా. షావుకారు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే, నేను నూతి దగ్గర స్నానం చేస్తుంటే, పాపం, కొడుకు బండి దూరం వెళ్ళి రావాలి కదా అని, గానుగ దగ్గర దగ్గరుండి ఆడించిన కొత్త నువ్వుల నూనె తెచ్చి, అదే వెదురు గొట్టం ట్యాంకులో పెట్టి, కడుపునిండా పట్టేసింది. పైగా ట్యాంకు మీద పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెట్టుకుంది. నాకు పసుపూ కుంకుమే కనిపించాయి.

షావుకారు తెల్లటి పొందూరు ఖద్దరు జుబ్బా, ఇస్త్రీ పంచెలో సిద్ధంగా ఉన్నాడు. వెనక ఎక్కి నా నడుం పట్టుకున్నాడు. పొందూరు దారిలో ఒక ఊరు చూసుకుని బయల్దేరాం. ట్యాంకులో ఉన్న పెట్రోల్లో ఆ నూనె కలిసేదాకా బండి రాజాలా నడిచింది. ఆ తర్వాత వెనక నుంచి పొగ మొదలైంది. మామూలు పొగ కాదు, తిరిగి చూస్తే దారి కనపడలేదు. కమ్మటి వాసన కూడా. షావుకారు నా చెవి దగ్గర నోరు పెట్టి, "ఏటోయ్, ఎక్కడో బూరెలు వండుతున్నారు?" అన్నాడు. "పెళ్ళిళ్ళ రోజులు కదండీ" అన్నాను నేను ధీమాగా. కానీ ఎంత దూరం పోయినా ఆ పెళ్ళి మా వెంటే వస్తోంది. అనుకున్న ఊరి మొగలో, సరిగ్గా రచ్చబండ ముందర, బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

దిగి చూసుకుంటే షావుకారు జుబ్బా వెనక భాగమంతా నల్లటి నూనె చుక్కలు. పొందూరు ఖద్దరు నూలు ఎంత సన్నమో, చుక్కలంత బాగా పాకాయి. నేను ప్లగ్గు ఊడదీసి చూశాను, జిడ్డు కారుతోంది. వాసన చూశాను. మా ఇంటి వాసన. మా అమ్మ చేతి వాసన! కాడి, నా మెడ, మా నాన్న మొహం వరసగా కళ్ళ ముందు తిరిగాయి.

ఇంతలో ఊరు ఊరంతా ముక్కులెగరేసుకుంటూ వచ్చేసింది. ఒక ముసలమ్మ ముందుకొచ్చి, "ఎవులింట్లోనే ఈ సారె వొండుతన్నారు? మనకి సెప్పనేదేటి?" అని పక్కావిణ్ణి నిలదీసింది. వెనక పిల్లలు, వాళ్ళ వెనక పొలాల్లోంచి పరుగెత్తుకొచ్చిన మగవాళ్ళు. షావుకారు జుబ్బా వెనక భాగం కనపడకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు గానీ, ఆయన కళ్ళు మాత్రం ఆ జనాన్ని చూసి పెద్దవయ్యాయి. నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ధైర్యం వచ్చింది. రచ్చబండ ఎక్కేశాను.

"మావా, దమ్ముల్లో ఎద్దు అలిసిపోతే మీరేటి సేస్తారు?" అని ముందున్న పెద్దరైతుని అడిగాను.

"ఏటి సేస్తాం, నువ్వుల నూనె పడతాం."

"మాయమ్మా అదే సేసింది. కొడుకు బండి అలిసిపోతాదని దీనికి గొట్టంతో నూనె పట్టీసింది!"

ముసలమ్మ "ఓలమ్మోలమ్మ! ఇంజనుకి నూనె పట్టిందేటే!" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని కూలబడిపోయింది. ఊరంతా ఘొల్లుమంది. నేను ఆ నవ్వు ఆగనివ్వలేదు. "నవ్వండి, నవ్వండి. ఎద్దుకి మీరు పెడతన్నారు. ఇనప ముక్కకి సయితం మాయమ్మ పెట్టింది. ఏడాదికేడాది మీకు బువ్వ పెడతన్న మడికి మాత్రం బుట్టెడు గత్తం ఇదిలించి ఊరుకుంటన్నారు. ఇదేటి నాయం మావా? అది మాత్రం అలిసిపోదేటి? ఈ షావుకారి ఎరువు ఓపాలి దానికి పట్టి సూడండి!"

పెద్దరైతు నవ్వు ఆపి తలగోక్కున్నాడు. "గుంటడు సెప్పింది బాగానే ఉన్నాది. ఓ మడికి ఏసి సూద్దారి. పాడైపోతే ఆ మడే పోద్ది" అన్నాడు. ఆయన అన్నాక పక్కవాడు, వాడి బావమరిది, వాడి పొరుగువాడు, ఒక్కొక్కరూ తలో బస్తా కొంటామన్నారు. గోడ వదిలేసి షావుకారు ముందుకొచ్చాడు. జుబ్బా సంగతే మర్చిపోయాడు.

తిరుగు ప్రయాణం నాటుబండి మీద. గడ్డి పరిచి మోటారు సైకిలును పడుకోబెట్టి, దాని పక్కన షావుకారు, ఆయన పక్కన నేను. దిగబోయే ముందు ఆయన, "రేపట్నించి వచ్చీ. సైకిలిస్తాను, దాని మీద తిరుగు. దీని మీద మళ్ళీ నన్నెక్కమన్నావంటే మాత్రం మర్యాద దక్కదు" అన్నాడు.

ఇంటికి చేరేసరికి అందరూ వీధిలోనే ఉన్నారు. ఎడ్లు లాక్కొచ్చిన బండిని చూసి మా నాన్న మీసం దువ్వి, "సూసేరా, ఎవుల మీద ఎవులొచ్చేరో!" అని ఎడ్ల మెడ నిమిరాడు. అమ్మ నా మొహమే చూస్తోంది. "నీ నూనె వల్లే బండి ఆగిపోయిందమ్మా" అన్నాను, పొద్దుట్నించీ ఆపుకున్న ఉడుకుమోతుతనంతో. ఆమె మొహం చిన్నబోయింది. చూడలేక, "ఆగిపోబట్టే జనం వచ్చారు, ఉద్యోగం వచ్చింది" అన్నాను. ఆ రెండో మాటే విన్నదామె. మొహం వెలిగిపోయింది. నా బుగ్గ మీద మసి కొంగుతో తుడుస్తూ అడిగింది:

"అయితే రేపు కూడా పట్టనా నాయనా?"

"నీకో దణ్ణమమ్మా" అని రెండు చేతులూ జోడించి విసుక్కుంటూ లోపలికి పోయాను. బండి నేనే బాగుచేశాను, ఉద్యోగం నేనే సంపాదించాను అని ఛాతీ విరుచుకుని వెళ్ళిపోతున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది, ముద్దూ వస్తాడు. కానీ వెనక్కి పిలిచి ఒక్క మొట్టికాయ వెయ్యాలనిపిస్తుంది. ఇప్పుడు మా అమ్మ వచ్చి ఆ మాట అడిగితే ట్యాంకు మూత నేనే తీసి పట్టుకుంటాను.