ఇత్తడి తలుపుల వెనక పచ్చ దీపం

సంపత్కుమార్ అక్షరాలు మల్లెమొగ్గలు పేర్చినట్టు ఉండేవి. అలిపిరి రోడ్డు నుంచి లోపలికి తిరిగిన ఆ వీధిలో ఎవరింట్లో పెళ్ళి జరిగినా లగ్నపత్రిక ఆయనే రాయాలి. కాలేజీ లైబ్రరీలో ఆయన ఉద్యోగం. పుస్తకాల వెన్నుల మీద పేర్లు రాసి అంటించడంతో మొదలై, అదే లైబ్రరీలో జుట్టు నెరిసింది. ఏటా ధనుర్మాసానికి ముందు తిరుప్పావై పాశురాలను పెద్ద పెద్ద అక్షరాలతో కాగితాల మీద రాసి గోష్ఠికి పంచేవాడు. తెల్లవారకముందే ఆయన ఇంటి హాల్లో కూర్చుని పాశురాలు పాడే ఆ గోష్ఠిలో సగం మందికి చూపు ఆనదు. "కండ్లు పోయినా సంపత్తు అక్షరం మాత్రం కనపడతాదప్పా" అని ముసలమ్మలు మురిసిపోయేవాళ్ళు. ఆ మాట ఆయనకు ఏడాది పొడుగునా సరిపోయే తీపి.

పోయిన వానల్లో ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. గాలి ఏ కిటికీలోంచి వస్తోందో తెలియకుండా దీపం వత్తి కదిలినట్టు, వేళ్ళ చివర ఒక కదలిక. కలం పట్టుకుంటే మల్లెమొగ్గలు చెదిరిపోతున్నాయి. ఈ సంగతి భార్య వేదవల్లికి తప్ప మరెవరికీ తెలియదు. తెలియకూడదని ఆయన పట్టుదల. చెయ్యి పోతే గోష్ఠిలో తన చోటు పోతుందని ఆయన భయం.

అందుకే ఈ సంవత్సరం అందరి ముందూ ఒక మాట అనేశాడు. "చేతిరాతలు పాతబడినాయి స్వామీ. ఈసారి ప్రింటు. ఫోన్లో నొక్కితే చాలు, వైరు గూడా ఉండదు, కాగితం అదే వచ్చి పడతాది."

గోష్ఠికి పెద్ద రామానుజయ్య. సంస్కృతం మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆయన చేతికర్ర మీద గడ్డం ఆనించి "నీ అక్షరం అంత బాగుంటాదా ఒరే?" అన్నాడు. సంపత్కుమార్ నవ్వేసి ఊరుకున్నాడు.

ఇంట్లో పాత ప్రింటరు ఒకటుంది. కూతురు శ్రీవేద చదువుకునే రోజుల్లో కొన్నది. కంప్యూటరుకు వైరుతో తగిలిస్తే తప్ప పలికేది కాదు. ఆ కంప్యూటరేమో ఎప్పుడో కన్ను మూసింది. ఫోన్లో వీడియోలు చూసి చూసి ఆయన అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన ప్రింట్ సర్వర్ డబ్బా ఒకటి తెప్పించాడు. దానికి ఒక వైపు ప్రింటరు వైరు తగిలించాలి. రెండో వైపు అది ఇంటి వైఫైని పట్టుకుంటుంది. ఇక ఇంట్లో ఏ ఫోనులోంచి పంపినా ప్రింటరు వింటుంది.

వైఫై పెట్టె మేడమీద ఉంది. స్తంభం నుంచి వచ్చిన తీగ ముందు మేడనే తాకింది కాబట్టి, అద్దెకున్న లోకేశ్వరి హాల్లో దాన్ని గోడకు బిగించారు. లోకేశ్వరిది పలమనేరు. వాళ్ళ నాన్న ధనంజయ అక్కడ పాలసెంటరు నడుపుతాడు. ఆమె ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది, సాయంత్రాలు మేడమీద ట్యూషను. డబ్బా బిగించేనాడు పాస్‌వర్డు ఒక్కొక్క అక్షరమే చెప్పింది ఆమే. "అయిందా సామీ? నా పిల్లకాయల టెస్టు పేపర్లు గూడా దీంట్లోనే తీసుకుంటా" అని సంబరపడింది.

కొత్త వస్తువు ఏదైనా ముందు పెరుమాళ్ళ దగ్గర పెట్టడం ఆ ఇంటి ఆచారం. హాల్లో తూర్పుగోడకు వాళ్ళ కోవిలాళ్వారు ఉంది. తాతల నాటి టేకు బీరువా. లోపలా వెలుపలా తలుపులతో సహా ఇత్తడి రేకు తాపడం చేసిన పెరుమాళ్ళ ఇల్లు అది. సంపత్కుమార్ స్నానం చేసి, డబ్బాకు తులసిదళం పెట్టి, స్వామి పక్కన ఉంచాడు. చిన్న కరెంటు దీపం కోసం పెట్టించిన ప్లగ్గు అక్కడే ఉండింది. తగిలించాడు. ప్రింటరును పక్కన స్టూలు మీద పెట్టి, దాని వైరును బీరువా వెనక సందులోంచి లోపలికి తోశాడు. డబ్బా మీద ఎర్రగా మిణుకుమంటున్న చుక్క కాసేపటికి పచ్చగా నిలిచింది. ఫోన్లో నొక్కాడు. ప్రింటరు గొంతు సవరించుకుని, 'శ్రీః' అన్న ఒక్క అక్షరం ఉన్న కాగితాన్ని మెల్లగా బయటికి చాచింది.

ఆయన కళ్ళు తడిశాయి.

"అంతా బాగుంది కానీ, పెరుమాళ్ళ పక్కన ఈ వైరు డబ్బా ఏందండీ?" అంది వేదవల్లి.

"ఆదిశేషుడికి ఇంకో తోక అనుకో. ఆయన సన్నిధిలో పలికింది కదా, ఆడే ఉండనీ."

చిక్కు అక్కడి నుంచే మొదలైంది. పొద్దున పలికిన డబ్బా మధ్యాహ్నానికి మూగబోయేది. ఫోన్లో వెతికితే ప్రింటరు కనిపించేది కాదు. సాయంత్రం మళ్ళీ మామూలే. రాత్రికి మళ్ళీ మాయం. సంపత్కుమార్ గమనించడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం లోకేశ్వరి భోజనానికి ఇంటికొచ్చే వేళకే ఇది పోతోంది. ఆయన మనసు గబగబా మెట్లెక్కి మేడమీద ఒక స్విచ్చు దగ్గర ఆగింది. కరెంటు ఆదా అనో, ఎండకు వేడెక్కుతుందనో, ఆ పిల్లే ఆపేస్తోంది. ఒకసారి మెట్ల దగ్గర ఎదురుపడితే అడిగాడు కూడా.

"లేదు సామీ, నేను దాన్ని ముట్టుకోను గూడా" అంది ఆమె.

ఆయన తల ఊపాడు. నమ్మలేదు.

ధనుర్మాసం రేపనగా ఆదివారం గోష్ఠి అంతా వచ్చింది. తిరువారాధన అయింది, నైవేద్యం అయింది. స్వామి విశ్రాంతి వేళ అని సంపత్కుమార్ ఎప్పటిలాగే ఇత్తడి తలుపులు మెత్తగా మూసి గడియ పెట్టాడు. పులిహోర తిన్న చేతులు కడుక్కుని అందరూ ప్రింటరు చుట్టూ చేరారు.

"ఏదీ నీ మాయ, కానీ" అన్నాడు రామానుజయ్య.

సంపత్కుమార్ ఫోను నొక్కాడు. ప్రింటరు ఉలకలేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ మళ్ళీ నొక్కాడు. ఎవరో దగ్గారు. "మంత్రం మరిచిపోయినట్టుండాడు" అన్నారింకెవరో. ఫోను పట్టుకున్న చెయ్యి వణకడం ఆయనకు కనిపించింది. వాళ్ళు కూడా చూస్తారేమో. ఆ క్షణంలో ఆయనకు కావలసింది ప్రింటు కాదు, అందరి కళ్ళూ తన చేతిమీది నుంచి మరో చోటికి తిరగడం.

మెట్ల దగ్గరికి నడిచి గొంతెత్తాడు. "ఏమ్మా లోకేశ్వరీ! ఇదేమన్నా పలమనేరులో మీ నాయన పాలసెంటరు అనుకుంటివా, పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తెరిచి మూసేదానికి?"

హాలంతా నవ్వింది. "పాలసెంటరైతే కొలతన్నా ఉంటాది!" అని ఒకామె తోడందుకుంది. మళ్ళీ నవ్వు.

లోకేశ్వరి మెట్ల మీదికి వచ్చింది. చేతికి పెరుగన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి. నవ్వే ముఖాలను ఒక్కొక్కటిగా చూసింది. "ఆపలేదు సామీ. వెలుగుతానే ఉండాది. వచ్చి సూడండి."

"సూసేదేముందిలే, ఈడ తెలస్తానే ఉంది కదా."

ఆమె లోపలికి వెళ్ళింది. పైకి వెళ్ళి చూసినవాడు లేడు. చూద్దామన్నవాడూ లేడు.

"మీ పైనామె కరుణించినప్పుడే పాడుకుందాం" అని హాస్యాలాడుతూ గోష్ఠి వెళ్ళిపోయింది.

సాయంత్రం కొండ మీద మంచు దిగుతూ ఉంది. వీధి చివర శేషాచలం నీలంగా, ఎవరో ఊది ఆర్పేసిన బొగ్గులా కనిపిస్తోంది. దీపం పెట్టే వేళయింది. సంపత్కుమార్ కాళ్ళు కడుక్కుని వచ్చి గడియ తీశాడు. ఇత్తడి తలుపులు రెండూ తెరిచాడు.

లోపలి చీకట్లో, పెరుమాళ్ళ పక్కన, ఎర్రచుక్క. వత్తి వెలిగించేలోగా అది పచ్చబడింది.

స్టూలు మీద ప్రింటరు గొంతు సవరించుకుంది. ఒక కాగితం, దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మరొకటి. మధ్యాహ్నం ఆయన ఎన్నిసార్లు నొక్కాడో అన్నీ. పాశురం మీద పాశురం, పెనం మీంచి దోసెల్లా వచ్చి పడుతూ, స్టూలు దాటి నేల మీదికి జారుతున్నాయి. కింద పడకుండా పట్టుకోవాలని గబుక్కున ముందుకు అడుగేశాడు. కాగితం కాలికింద నలిగింది. చూస్తే గోదాదేవి పాట. తీసి కళ్ళకద్దుకున్నాడు. అప్పటికీ ప్రింటరు ఆగలేదు.

ఆ కాగితాన్ని అలా కళ్ళకు ఆనించుకుని నిలబడి ఉండగానే ఆయనకు అర్థమైంది.

నమ్మబుద్ధి కాక తలుపులు మూశాడు. సందులోంచి చూశాడు. పచ్చచుక్క కొట్టుకుని, ఎర్రబడింది. తెరిచాడు. పచ్చన. మూశాడు. ఎర్రన. చుట్టూ ఇత్తడి. మేడమీది నుంచి వచ్చే తరంగానికి దారి లేదు. మధ్యాహ్నం నైవేద్యానంతరం, రాత్రి పవళింపు తర్వాత, తన చేతులతో తనే, భక్తిగా, గడియ పెడుతూ వచ్చాడు.

పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తెరిచి మూసేది ఎవరు?

తను విసిరిన మాట హాలంతా తిరిగి తిరిగి వచ్చి, ఇప్పుడు తన ముందే నిలబడింది. పెరుమాళ్ళు సగం మూసిన కళ్ళతో ఎప్పటిలాగే చూస్తున్నాడు. సంపత్కుమార్ ఆ చూపు వైపు తల ఎత్తలేకపోయాడు.

వేదవల్లి వంటింట్లోంచి వచ్చి, నేలమీది కాగితాలు చూసింది, ఆయన ముఖం చూసింది. ఆయన తలుపు మూసి, తెరిచి చూపించాడు. ఆమె వంగి కాగితాలన్నీ ఏరింది.

"అన్నం ముందర నుంచి లేసొచ్చిందండీ ఆ పిల్ల" అంది చివరికి.

"రేపు చెప్తాలే."

"పోయి చెప్పండి."

మెట్లెక్కుతుంటే తన ఇంటి మెట్లే ఆయనకు కొత్తగా తోచాయి. తలుపు తీసే ఉంది. లోకేశ్వరి చాప మీద కూర్చుని పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతోంది. గోడమీద వైఫై పెట్టె దీపాలు నిశ్చింతగా మిణుకుమంటున్నాయి. దాని నుదుట ఆయుధపూజనాటి పసుపుకుంకుమల బొట్టు ఎండిపోయి, చెరగకుండా ఉంది. దుమ్ము తుడిచినప్పుడల్లా ఆ బొట్టును తప్పించి తుడిచినట్టు చుట్టూ శుభ్రంగా ఉంది. తను డబ్బాకు తులసిదళం పెట్టినట్టే ఈమె దీనికి బొట్టు పెట్టింది. అది చూశాక, మెట్ల మీద కూర్చుకున్న మాటలన్నీ ఆయన నోట్లోనే ఆరిపోయాయి.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు గడప ఇవతల నుంచే. "కోవిలాళ్వారు తలుపు మూసినప్పుడల్లా సిగ్నలు పోతా ఉండాది. ఇత్తడి కదా. నేనే మూస్తా వచ్చినాను."

ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టింది. "సరే సామీ."

ఆయన కదలలేదు. ఇంకేదైనా అంటుందని, కనీసం విసుక్కుంటుందని చూశాడు. విసుక్కుంటే ఎంత బాగుండును.

"మా నాయన సెంటరు తెల్లారుజామున తెరుస్తాడు" అంది ఆమె, పుస్తకం వైపే చూస్తూ. "ఒక్క పొద్దు గూడా ఆలస్యం కాలేదు. నవ్వినోళ్ళు కింద నవ్వినారు సామీ. మీరు పైకొచ్చి నాకొక్కదానికే చెప్తా ఉండారు."

ఆయన దిగి వచ్చేశాడు.

తెల్లారకముందే ధనుర్మాసం వచ్చింది. వీధిలో తడిముగ్గుల వాసన, శాలువాల్లో చుట్టుకున్న దగ్గులు. గోష్ఠి హాల్లో వరుసగా కూర్చుంది. కోవిలాళ్వారులో డబ్బా లేదు. దాన్ని ఆయన కిటికీ గట్టు మీదికి మార్చాడు. అక్కడ అది పచ్చగా, ఎవరికీ ఏమీ చెప్పకుండా వెలుగుతోంది. సంపత్కుమార్ కాగితాలు పంచలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"పైనామె కరుణించిందా?" అన్నాడు ఒకాయన. నవ్వులు.

"ఆ పిల్ల ఏమీ చెయ్యలేదు స్వామీ" అన్నాడు సంపత్కుమార్. "నేనే డబ్బాను స్వామి దగ్గర పెట్టి, తలుపు మూసి, సిగ్నలు రాలేదని ఆమెను అన్నాను. పాలసెంటరు అన్నాను. మూసి తెరిచింది నేను."

ఒక్క క్షణం ఆగి నవ్వు విరుచుకుపడింది. నిన్న ఎవరి మీద పడిందో అదే నవ్వు, అవే గొంతులు. "పెరుమాళ్ళను నిద్రబుచ్చి, లోపల పెట్టి గడియేసి, పైనోళ్ళ మీద పడితివా!" అని ఎవరో కళ్ళనీళ్ళు తుడుచుకున్నారు. రామానుజయ్య ఒక్కడే నవ్వలేదు. నేలవైపు చూస్తూ, "మేమూ నవ్వినాము కదరా నిన్న" అన్నాడు. అప్పుడు హాలు సద్దుమణిగింది.

ఆ నిశ్శబ్దంలో, అనుకోకుండా, ఇంకో మాట కూడా ఆయన నోటి నుంచి జారింది. "చెయ్యి వణుకుతా ఉండాది. రాయలేను. అందుకే ఈ మిషను. చెప్పుకోలేక ఆమె మీదికి తోసినాను."

అంతలో రామానుజయ్య మెట్ల వైపు చెవి ఒగ్గాడు. "ఆ పిల్ల వినిందా?"

లోకేశ్వరి మెట్ల దగ్గరే ఉంది. పాలగిన్నెతో దిగుతూ ఆగినట్టుంది. ఎంతసేపటి నుంచో తెలియదు. ముఖంలో కోపం లేదు, క్షమించిన జాడా లేదు.

"టెస్టు పేపరు పంపించినాను సామీ, ఫోన్లోనించి. పిల్లకాయలకు ఈ పొద్దే కావాల" అంది. ఒక్క గుక్క ఆగింది. "సెంటరు తెరిచినారా?"

నవ్వాలో వద్దో తెలియక అందరూ ఒళ్ళో చేతులు చూసుకున్నారు. సంపత్కుమార్ చెవులు వేడెక్కాయి. లేచాడు. ప్రింటరు అప్పటికే పలుకుతోంది. కాగితాలు తీసి, ఆమె దగ్గరికి నడిచి చాచాడు. ఇన్నాళ్ళూ కండువా కింద దాచిన చెయ్యి అందరి ముందూ వణికింది. దాంతో పాటు కాగితాలూ వణికాయి.

"తెరిచినాను తల్లీ" అన్నాడు.

ఆమె కాగితాలను చూసింది, చేతిని చూసింది. పాలగిన్నె మెట్టు మీద పెట్టి, రెండు చేతులతో అందుకుంది.

వెనక రామానుజయ్య మొదటి పాశురం ఎత్తుకున్నాడు. సంపత్కుమార్ వచ్చి కూర్చుని పెదవులు కదిపాడు.