అంచు తెగిన పుస్తకం

మా బాపు లెక్కల సారు. ఇంట్లో ఆయన కట్టడి ఒకటుండేది: అభ్యాసంలో ఒక్క లెక్క కూడా వదలకూడదు, అది వచ్చేదాకా పేజీ తిప్పకూడదు. నేను దొంగతనంగా తిప్పేసేదాన్ని. తమ్ముడు తిప్పేవాడు కాదు. ఎంత బుద్ధిమంతుడోనని చుట్టాలంతా మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండేది.

బాపు పోయాక, లెక్చరర్ పరీక్ష కోసం వాడు విమానాశ్రయం కార్గోలో ఉద్యోగం మానేశాడు. వయసు ప్రకారం అదే ఆఖరి అవకాశం. శంషాబాద్‌లో మా ఇంటి పై గదిలో నంబర్ థియరీ పట్టాడు. అందరూ చదివే పాత పుస్తకమే. అది కొట్లో దొరక్క, ఎవరి దగ్గరో తీసుకుని జిరాక్స్ చేయించాడు.

కొన్నాళ్లు బాగానే సాగింది. ప్రధాన సంఖ్యల దగ్గర ఒక లెక్క వాణ్ణి ఆపేసింది. రెండు కంటే పెద్దదైన ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమేనని నిరూపించాలి. ఎనిమిదంటే మూడూ ఐదూ. పన్నెండంటే ఐదూ ఏడూ. చూడ్డానికి పసిపిల్లల ఆట. వారాలు గడిచినా ఆ పేజీ తిరగలేదు. అన్నం తీసుకెళ్తే, నెత్తి మీది విమానం మోత తగ్గేదాకా ఆగి, "జర ఆగక్కా, దగ్గరికొచ్చింది" అనేవాడు. చిక్కి సగమయ్యాడు. నాకు భయం పట్టుకుంది.

"అది ఇప్పటిదాంక ఎవ్వరితోని కాలేదురా. ఇడిసిపెట్టు" అన్నాను. నేనూ లెక్కలు చెప్పేదాన్నే, అత్తాపూర్‌లో ఒక కాలేజీలో.

"గట్లయితే అభ్యాసంల ఎందుకిస్తరు?" అన్నాడు.

మా కాలేజీ లైబ్రరీలో అసలు పుస్తకం తీసి చూశాను. ఆ లెక్క పక్కనే, అంచులో, సన్నని అచ్చక్షరాల్లో ఉంది: ఇది ఇంకా ఎవరూ నిరూపించలేదని. జిరాక్స్‌లో ఆ అంచు తెగిపోయింది. పీడ విరగడైందనుకుని పుస్తకం తెచ్చి వాడి ముందు పెట్టాను.

చాలాసేపు చదివాడు. ఇన్ని వారాల తర్వాత వాడి మొహంలో నవ్వు చూశాను.

పరీక్ష రోజు పొద్దున గడ్డం గీసుకుని, తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నా ప్రాణం కుదుటపడింది. హాల్‌టికెట్ పట్టుకుని పైకి వెళ్తే, అదే పేజీ తెరిచి కూర్చున్నాడు.

"టైమైతుందిరా, లే."

"యాడికి అక్కా?" తలెత్తకుండా, ఎంతో నెమ్మదిగా అన్నాడు. "ఎవ్వరు చెయ్యలేదని నువ్వే చూపిస్తివి గదా. ఇగ నేనే చెయ్యాలె."