అమెరికా బండి, అంబుజం అత్త కూలి

మా అంబుజం అత్త ఇరవై ఎనిమిదేళ్ళుగా సిమెంటు తట్టలు మోస్తోంది. అలాంటి ఆడకూలీని మా వైపు సిత్తాళు అంటారు. వేలూరులో సగం మేడలు ఆమె నెత్తి మీదుగానే పైకి లేచాయని నేనంటే కోతలు కోస్తున్నాడనుకుంటారు. అనుకోండి. తాపీ పట్టడం ఆమెకు ఏ మేస్త్రీ నేర్పలేదు. వాళ్ళు టీకి వెళ్ళినప్పుడల్లా పట్టి నేర్చుకుంది. తిరిగొచ్చి గోడ చూసుకుని, అది తమ పనితనమే అనుకుని పొంగిపోయేవాళ్ళు. గోడ కట్టినా, పూత పూసినా ఆమె కూలి మాత్రం సిత్తాళు కూలే, మేస్త్రీ కూలిలో సగం.

నేను ఆమె మేనల్లుడిని, కార్తిని. డిప్లొమా చదివి ఇళ్ళకు ప్లాన్లు గీస్తుంటాను. ఈ కథలో తప్పు గీసింది కూడా నేనే.

గుడియాత్తంలో అగ్గిపెట్టెల కంపెనీ నడిపే సురేంద్రన్ కనియంబాడి రోడ్డులో కొత్త ఇల్లు కట్టించాడు. మా వైపు ఇంటి నేలను రోడ్డు కంటే మూడడుగులు పైకి లేపుతాం. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత తారు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తారు. పదేళ్ళకు రోడ్డు ఇంటి కంటే ఎత్తయి, వాన నీళ్ళు పడకగదిలోకి వస్తాయి. అందుకే ముందే ఎత్తు కడతాం. మామూలు కార్లు మూలుగుతూనైనా ఆ ఎత్తు ఎక్కేస్తాయి. నేనూ అలవాటు కొద్దీ, పదిహేనడుగుల పొడవులో మూడడుగులు ఎక్కేలా ర్యాంపు గీసిచ్చాను. నాగలింగం మేస్త్రీ దగ్గరుండి కట్టించాడు.

ఆ తర్వాత సురేంద్రన్ వచ్చి, తను కొనబోయే కారు బొమ్మ ఫోన్‌లో చూపించాడు. అమెరికా వాళ్ళ కొత్త స్పోర్ట్స్ కారు.

"నూరు కిలోమీటర్ల వేగం నాలుగు సెకన్లల్లో పట్టేస్తాది. ఇదే వేగం ఇంకో బండిలో కావాలంటే రెండింతలు పోయాల. దుడ్డుకు తగ్గ బండంటే ఇదేనప్పా!" అన్నాడు.

అక్కడే కూలి పని చేస్తున్న అత్త తట్ట దించి ఫోన్‌లోకి తొంగి చూసింది. "ఏమయ్యా, దీని కడుపుకీ నేలకీ ఎంత సందుండాది?"

సురేంద్రన్ నవ్వి, వెతికి చెప్పాడు. నాలుగున్నర అంగుళాలు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య తొమ్మిదడుగులు.

అత్త ఒక తొమ్మిదడుగుల చెక్క తీసుకుంది. రెండు కొసల కింద నాలుగున్నర అంగుళాల ఇటుక ముక్కలు కట్టింది. దాన్ని కింది నుంచి ర్యాంపు మీదుగా లాక్కుపోయింది. ర్యాంపు ముగిసి ఇంటి నేల మొదలయ్యే చోట చెక్క నడుము సిమెంటును గరగరా గీరింది.

"నాయనా కార్తీ, ఈడ గీరింది చెక్క కాదు, అయ్య బండి కడుపు" అంది.

చదవేస్తే ఉన్న మతి పోయిందని మా నాన్న నన్ను ఊరికే అనడు.

నాగలింగానికి మాత్రం తల కొట్టేసినట్టయింది. "సిత్తాళు చెప్తే మేస్త్రీ పగలగొట్టేదా? నేను ముట్టను."

"పగలగొట్టేదీ నేనే, కట్టేదీ నేనే. బండి కడుపు తగిలితే నాకు ఒక్క రూపాయి ఇయ్యొద్దు."

నాగలింగం అలిగి విరించిపురంలో చుట్టాల పెళ్ళికి వెళ్ళిపోయాడు. అత్త సమ్మెట పట్టింది. వాలును ఐమూలగా తిప్పి ఇరవై నాలుగడుగులకు సాగదీసింది. పై అంచున మొన లేకుండా అరచేతితో తడిమి తడిమి వంపు తెచ్చింది. నా ప్లాను అడగలేదు. నేనూ ఇవ్వలేదు.

నెల తర్వాత కారు వచ్చింది. కర్పూరం వెలిగించి, గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నేనైతే దాదాపు నేల మీద పడుకుని దాని కడుపే చూశాను. ఎర్ర బండి నిమ్మకాయలు తొక్కి పైకెక్కి నిలబడింది. ఎక్కడా గీరలేదు.

ఇల్లు పూర్తయితే మేస్త్రీకి తాంబూలంతో కొత్తబట్టలు పెట్టడం మర్యాద. సురేంద్రన్ అంతా తెలిసీ, పంచె, చొక్కా ఉన్న పళ్ళెం నాగలింగం చేతికిచ్చి, "ర్యాంపు అద్భుతం మేస్త్రీ" అన్నాడు. నాగలింగం పళ్ళికిలిస్తూ అందుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది. నాకు ఒళ్ళు మండింది, కానీ కట్టింది అత్తని చెప్పలేదు. నాకింకా సురేంద్రన్ దగ్గర నుంచి పని రావాలి మరి. ఆ పిరికితనం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

సురేంద్రన్ అత్త వైపు తిరిగాడు. "నువ్వూ నా బండి మాదిరేనమ్మా. తక్కువ దుడ్డుకు ఎక్కువ పని!"

అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు.

"పక్క బండి ఎంతకు అమ్ముడుపోయిందో మీ బండికి తెలీదయ్యా. నాకు తెలుసు."

ఆమె ర్యాంపు వైపు చెయ్యి చూపింది.

"ఈ ర్యాంపుకు మేస్త్రీ కూలి ఇయ్యండి. లేదంటే ఏమీ వద్దు. సిత్తాళు కూలికి కట్టింది కాదు ఇది."

నాగలింగం అడ్డొచ్చాడు. "నీకిస్తే రేపు అందరు ఆడోళ్ళూ అడగరా అంబుజం?"

"అడగనీ అన్నా. అడగాలనే అందరి ముందర చెప్తాండా."

సురేంద్రన్ కారు అద్దం తుడుచుకోసాగాడు. అత్త చేయి చాచకుండా గేటు దాటి వెళ్ళిపోయింది.

వేలూరులో పొద్దున్నే కూలీలు నిలబడే చోట తాపీ సంచులతో మేస్త్రీలు ఒకవైపు, తట్టలతో ఆడవాళ్ళు ఇంకోవైపు ఉంటారు. ఆ గీత ఎవరూ గీయలేదు, ఎవరూ దాటరు. మర్నాడు అత్త సంచిలో తాపీ వేసుకుని మేస్త్రీల మధ్య నిలబడింది. మూడు రోజులు ఎవరూ పిలవలేదు.

"ఈ పక్కకు వచ్చెయ్ అంబుజం. ఇట్లయితే నీ పొయ్యిలో పిల్లి లేస్తాదా?" అని అరిచింది అవతల నుంచి కలైయరసి. ఆమె కూడా సిత్తాళే.

"పిల్లిని పడుకోనీ. నేను నిలబడే ఉంటా."

నాలుగో రోజు నేను వెళ్ళాను. "అత్తా, మెట్లు కట్టాల, వస్తావా?" అన్నాను మెల్లగా.

"కూలి?"

"మేస్త్రీకి ఎంతో అంత."

ఆమె కదల్లేదు. "మేనత్తనని ఇస్తాండావా, మేస్త్రీనని ఇస్తాండావా?"

"మేస్త్రీవని."

"అయితే నా చెవిలో ఏంటికి చెప్తావు? అందరికీ చెప్పు."

నేను గొంతెత్తి, ఆ వైపుకూ ఈ వైపుకూ వినపడేలా చెప్పాను. అప్పుడు గానీ ఆమె సంచి భుజానికి ఎత్తుకోలేదు.