సలహాల మేడం ఇంటర్వ్యూలు

ఆ కాలేజీలో సలహాల మేడంకి ఒక్కటే జబ్బు: ఎదురుపడ్డ మనిషినల్లా ఇంటర్వ్యూ చేసేయడం. ఏ కోర్సు తీసుకోవాలో, ఏ ఉద్యోగానికి ఎలా తయారవాలో పిల్లలకి చెప్పడానికి ఆవిడకో గది, రెండు కుర్చీలు ఉన్నాయి. ఆవిడ మాత్రం మెట్లమీదే పని కానిచ్చేది.

"మీ గురించి చెప్పండి," అనేది. అంతే, ఎదుటివాడి పైప్రాణాలు పైనే పోయేవి.

కుళాయి బాగుచెయ్యడానికొచ్చిన ప్లంబరునీ వదల్లేదు. "మీలో ఉన్న లోపం ఏమిటి?" అనడిగితే అతను రెంచీ కింద పెట్టి, "కోపం మేడం. మా ఆవిడగానీ చెప్పిందా?" అన్నాడు. ప్రిన్సిపాలయితే ఆవిడ చెప్పుల చప్పుడు వినగానే ఫోను చెవిన పెట్టుకుని, లేని మనిషితో మాట్లాడేవాడు.

అందరికన్నా హడలిపోయేది నత్తి ఉన్న ఒక అమ్మాయి. చేరిన మొదటి వారమే క్లాసులో పేరు చెప్పబోయి తొలి అక్షరం దగ్గరే ఇరుక్కుపోయింది. వెనక బెంచీలు పగలబడి నవ్వాయి. ఆ మధ్యాహ్నమే సలహాల గదికెళ్ళి, చదువు మానేస్తానని చీటీ రాసిచ్చింది. మేడం చదివి, "చేతిరాత బాగుంది," అని సొరుగులో పడేసింది.

ఆ తర్వాత మూడేళ్ళూ ఎన్ని దారులు మార్చినా ఆ పిల్ల మేడంకి దొరికిపోతూనే ఉంది. ఒకసారి లిఫ్టులో జవాబు మొదలుపెట్టింది. అది పూర్తయ్యేలోగా లిఫ్టు నాలుగుసార్లు పైకీ కిందికీ తిరిగింది. మేడం మాట అందించనూ లేదు, గడియారం చూడనూ లేదు. "ఇప్పుడు రెండో ప్రశ్న," అంది. అలాంటి జవాబుల్లోంచే, ఆ పిల్లకి అంకెలంటే ప్రాణమని పసిగట్టి స్టాటిస్టిక్స్‌లో చేర్పించింది.

ఆఖరి ఏడు ఒక బీమా కంపెనీ వాళ్ళొచ్చారు. బల్లకవతల ముగ్గురు. "మీ గురించి చెప్పండి."

ఆ పిల్లకి నవ్వొచ్చింది. ఇంతేనా! రెండుచోట్ల మాట ఆగింది. కంగారుపడకుండా తనూ ఆగింది. వాళ్ళూ ఆగారు. ఉద్యోగం వచ్చింది.

కబురు చెబుదామని పరిగెత్తుకొస్తే, గుమ్మం దగ్గర గుమాస్తా అన్నాడు: "నువ్వు మానేస్తానని వచ్చిన రోజుదాకా ఈవిడ ఈ గది దాటి ఎరగదమ్మా. మర్నాడే మొదలెట్టింది ఈ గోల!"

ఆ పిల్ల లోపలికెళ్ళి, "నా... నాకోసం కాలేజీ మొత్తాన్ని హింసపెట్టారా మేడం?" అంది.

"నిన్నొక్కదాన్నే ఆపి అడిగితే నిన్ను చూసి నవ్వేవాళ్ళు. అందర్నీ అడిగితే నాకు పిచ్చనుకున్నారు. అదే నయం కదూ?"

"మరి ఇప్పుడైనా మానెయ్యొచ్చుగా?"

మేడం కాస్త సిగ్గుపడింది. "మానేద్దామనే అనుకున్నానే. ఏం చెయ్యను, రుచి మరిగాను!"